గట్టిగా ఉందంటే ఇంకా ఉడకలేదని
స్లో కుక్కర్‌లో ఆరు గంటలు ఉడికిన బీఫ్ బ్రిస్కెట్‌లో ఫోర్క్ దిగకపోతే, ఎక్కువ ఉడికి గట్టిపడిందనుకుని చాలామంది స్విచ్ ఆపేస్తారు. ఆ మాంసానికి జరిగే అన్యాయం అదే అంటాను. పశువు ముందరి బరువు మోసే రొమ్ము కండ అది, నిండా కొలాజెన్. 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండ బిగుసుకుని నీరు వదులుతుంది. కొలాజెన్ మాత్రం 70 దాటాకే, గంటల తరబడి కరిగి జెలటిన్ అవుతుంది. లోపలి వేడి 90–95కు చేరాకే మెత్తదనం. కాబట్టి గట్టిదనం సగం దారిలో మజిలీ మాత్రమే. ఏ రెండు ముక్కల మందమూ, కొవ్వూ ఒకేలా ఉండవు గనుక రెసిపీలో రాసిన గంటలను నేను నమ్మను, ఫోర్క్‌నే నమ్ముతాను. మాటిమాటికీ మూత తీయకండి, ‘లో’ మీదే మరో రెండు గంటలు ఆగండి, తర్వాత కండ పీచుకు అడ్డంగా కోయండి.