మెడికేర్ ఉందిగా!

మన సంఘం పిక్నిక్‌లో 529 ఖాతా గురించి కదిపితే చాలు, ప్లేటు చేత్తో పట్టుకునే అరగంట చెప్పేవాళ్ళు దొరుకుతారు. హైదరాబాద్ శివార్లలో గజం ధర సంగతి సరేసరి. రేపు మనకు కాలూ చెయ్యీ ఆడకపోతే స్నానం చేయించి బట్టలు తొడిగే మనిషికి జీతం ఎవరిస్తారని అడగండి. "మెడికేర్ ఉందిగా" అంటారు, డాక్టర్లు సైతం.

మెడికేర్ వైద్యానికి డబ్బిస్తుంది. రోజువారీ ఆలనాపాలనా దాని పద్దులో లేదు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన పెద్దాయన్నే తీసుకోండి. మామూలు మెడికేర్‌లో ఉన్నాయన వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉంటేనే ఆ తర్వాత నర్సింగ్ హోమ్ ఖర్చు వస్తుంది. అదీ నర్సు సేవో, థెరపీయో నిజంగా అవసరమైనంత కాలమే: మొదటి 20 రోజులు పూర్తిగా, అక్కణ్ణుంచి నూరో రోజు దాకా రోజూ మన వాటా కలుపుకొని. ఆసుపత్రివాళ్ళు 'అబ్జర్వేషన్' అని రాసుకుంటే మాత్రం అదే మంచం మీద నాలుగు రాత్రులు పడుకున్నా లెక్కలోకి రావు. ఆ మాట చాలామందికి బిల్లు చూశాకే తెలుస్తుంది. నాన్నగారిని చేర్చిన రోజే నర్సును అడిగెయ్యండి, ఏమీ అనుకోరు.

ఆ తర్వాతి ఖర్చు మనదే. జెన్‌వర్త్ సంస్థ 2024 సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద అసిస్టెడ్ లివింగ్ మధ్యస్థ ఖర్చు ఏడాదికి 70,800 డాలర్లు, నర్సింగ్ హోమ్‌లో విడి గదికి 1,27,750. మెడికెయిడ్ ఆదుకుంటుంది కానీ చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషి చేతిలో లెక్కకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ముందుగానే అబ్బాయి పేర రాసేద్దామంటే, చాలాచోట్ల వెనకటి ఐదేళ్ళ లావాదేవీలు తిరగేస్తారు.

వాషింగ్టన్ రాష్ట్రం ఒక దారి చూపింది. రెడ్‌మండ్, బెల్వ్యూల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళ జీతాల్లో 2023 జూలై నుంచి 0.58 శాతం 'డబ్ల్యూఏ కేర్స్' కింద పోతోంది. పేస్లిప్ చూసి విసుక్కున్నవాళ్ళే ఎక్కువ. 2026 జూలై నుంచి అర్హులకు ఇచ్చేది జీవితకాలానికి 36,500 డాలర్లు. పై లెక్కన నర్సింగ్ హోమ్‌లో నాలుగు నెలలకు కూడా చాలదు. అయినా ఏమీ లేని రాష్ట్రాల కంటే నయం.

సొంతంగా లాంగ్ టర్మ్ కేర్ పాలసీ తీసుకోవాలంటే యాభైల్లోనే చూసుకోవాలి. మన ఇళ్ళల్లో సుగర్ లేనిదెవరికి? ఇన్సులిన్ దాకా వెళ్ళాక, పక్షవాతం వచ్చాక దరఖాస్తు చేస్తే తిప్పి పంపే కంపెనీలే ఎక్కువ. తీసుకున్నాక ప్రీమియం పెరగదన్న హామీ కూడా సాధారణంగా ఉండదు, ఆ మాట ఏజెంటు చేత చెప్పించుకోండి. స్నానం, తిండి, బట్టలు, మంచం దిగడం లాంటి ఆరు పనుల్లో కనీసం రెండు సొంతంగా చేసుకోలేకపోతేనో, మతి బాగా తప్పితేనో డబ్బు మొదలవుతుంది. చాలా పాలసీల్లో తొలి 90 రోజులు మన జేబులోంచే పోతాయి.

"ఇవన్నీ ఎందుకండీ, ఇండియా వెళ్ళిపోతాం" అనేవాళ్ళున్నారు. వెళ్ళండి, అక్కడ మనుషులూ దొరుకుతారు, పప్పన్నమూ దొరుకుతుంది. కానీ మెడికేర్ అక్కడ దాదాపు దేనికీ చెల్లదు. దండగని పార్ట్ బి మానేసి, మనవల కోసం తిరిగొస్తే, మానేసిన ప్రతి పూర్తి ఏడాదికీ ప్రీమియం మీద 10 శాతం జరిమానా పడుతుంది, అదీ ఎప్పటికీ. "కోడలు చూసుకుంటుంది" అనేవాళ్ళకు ఒకటే ప్రశ్న: ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తే పోయే జీతం, దాని వెంట పోయే 401కే ఏ పద్దులో రాశారు?

పాలసీ ఇప్పటికే ఉన్నవాళ్ళు ఒక్క పని చెయ్యండి. మతిమరుపు కోసం కట్టుకున్న పాలసీ, ఆ మతిమరుపుతోనే ప్రీమియం కట్టక రద్దయ్యే ప్రమాదముంది. గడువు దాటితే కబురు వెళ్ళేలా రెండో మనిషి పేరు నమోదు చేసుకునే వీలు కంపెనీలు సాధారణంగా ఇస్తాయి. అక్కడ పిల్లల్లో ఒకరి పేరు, ఇప్పటి చిరునామాతో రాయించండి.