చిటికెడు మసాలాలో తాకత్ వెతకొద్దు



మొన్న భైంసా నుంచి ఖాలా ఫోన్ చేశారు. "బేటా, హైదరాబాద్‌లో చైనా మిరియాలు దొరుకుతాయట, పావు కిలో పంపు. పిల్లకు ఖూన్ తక్కువుందన్నారు. వాటిలో ఐరన్ బాగా ఉంటుందని ఫోన్లో వచ్చింది" అన్నారు. పిల్లకు ఇప్పుడు ఆరో నెల. ఐరన్ గోలీలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పక్కన పెట్టేసిందట. నాకు ఫికర్ పట్టుకుంది ఆ మాటకే.

ఆ దినుసు మంచిదే. పేరుకే మిరియం, నిజానికి నిమ్మ, నారింజల ఖాందాన్. దాని చెల్లెలు మన దేశంలోనూ ఉంది. మరాఠీ వాళ్లు తిర్ఫల్ అని చేపల కూరలో వేస్తారు. శాస్త్రంలో ఆ చెట్టు పేరు జాంథాక్సైలం రెట్సా. ఆ 'రెట్సా' మన రచ్చబండలోని 'రచ్చ'యే. ఇదే ఖాందాన్‌లోని మరో కాయను యునానీ హకీములు కబాబె ఖందాఁ అన్నారు, అంటే నవ్వే కబాబా. ఎండిన కాయ నోరు తెరిచి నవ్వుతున్నట్టే ఉంటుంది.

తింటే నాలుక జుమ్మంటుంది. అది సాన్షూల్ అనే పదార్థం పని. పెదవి సెకనుకు 50 సార్లు అదిరినట్టు అనిపిస్తుందని 2013లో లండన్ పరిశోధకులు తేల్చారు. అది మజా, తాకత్ కాదు.

ఇక హిసాబ్ చూడండి. ఫోన్లో తిరిగే లెక్కలు 100 గ్రాములకు. నలుగురి కూరలో ఒక గ్రాము వేస్తే మనిషికి వచ్చేది పావు గ్రాము. అంటే ఆ లెక్కలో 400వ వంతు. దానితో ఖూన్ పెరుగుతుందా? పోనీ చెంచాలకొద్దీ తినిపిద్దామంటే, కడుపుతో ఉన్న పిల్ల మీద అలాంటి తజ్రుబా చేయకూడదు.

ఖాలాకు ఇదే చెప్పాను. గోలీలు మానొద్దు. కడుపులో తిప్పుతోందని డాక్టర్‌కు చెబితే వేసుకునే వేళో, గోలీయో మారుస్తారు. గర్భిణులకు కనీసం 180 రోజులు ఐరన్ గోలీలు సర్కారే ముఫ్త్‌గా ఇస్తోంది. బాగా ఉడికిన గోష్త్, పప్పు, ఆకుకూర పెట్టండి, పైన నిమ్మకాయ పిండండి. నిమ్మరసం ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. అన్నం తినగానే చాయ్ మాత్రం వద్దు, అది అడ్డుపడుతుంది.

మసాలా అల్లాహ్ ఇచ్చిన నియామత్. రుచికి వాడుకుందాం, షుక్ర్ చేద్దాం. దవా పని దవాను, గిజా పని గిజాను చేయనిద్దాం.

పావు కిలో పంపలేదు. పిల్ల మళ్లీ డాక్టర్‌ను కలిశాక చిన్న పొట్లం పంపుతానన్నాను, చేపల కూరకు.