అయస్కాంతం చెప్పేది సగం నిజమే

స్టీలు సామాన్ల కొట్టుకెళ్లినా, కారం మిల్లుకు తొట్టి చేయించడానికి ఆటోనగర్‌కెళ్లినా చాలామంది ముందు చేసే పని ఒకటే... అయస్కాంతం ముక్క తీసి ఆనించి చూడటం. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలైన స్టెయిన్‌లెస్ స్టీలు అని తేల్చేయడం. కానీ ఈ పరీక్ష చెప్పేది సగం నిజమే. మిగతా సగం తెలియకుండా మిషను చేయిస్తే పోయేది డబ్బొక్కటే కాదు... ఆ కారం తినేవాళ్ల ఆరోగ్యం కూడా.

రెండూ ఎర్రనివే!

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప బాగా పండుతుంది. మిర్చియార్డులో అమ్ముడైన టిక్కీల్లో కొన్ని శీతల గిడ్డంగులకు వెళితే, కొన్ని నేరుగా మిల్లులకు చేరతాయి. అక్కడ పల్వరైజర్‌లో గిర్రున తిరిగే హామర్లు కాయను పొడిగొడతాయి. ఆ పొడి జల్లెడ, గొట్టం, డబ్బా అన్నిటినీ రాసుకుంటూ బయటికొస్తుంది. అవి మామూలు ఇనుముతో చేసినవైతే తేమ తగిలి తుప్పు పడతాయి. తుప్పు పెచ్చులు కారంలో కలిస్తే కంటితో కనిపెట్టడం కష్టం. రెండూ ఎర్రనివే కదా! అందుకే ఆహారాన్ని తాకే పరికరాలు తుప్పు పట్టని పదార్థంతో ఉండాలని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి.

కనిపించని కవచం

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ నిపుణుడు త్వరగా అరిగిపోని తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన అతి పల్చని పొరలా ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర మళ్లీ అల్లుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొప్పతనమంతా ఆ పొరదే. దాన్ని దెబ్బతీస్తే ఈ స్టీలూ తుప్పు పడుతుంది.

నంబర్ల వెనక

స్టెయిన్‌లెస్ స్టీలు ఒకటి కాదు, పెద్ద కుటుంబం. ఆహార యంత్రాల్లో ఎక్కువగా వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైనది. దాన్ని తగ్గించి మాంగనీస్ పెంచితే 200 సిరీస్ రకాలు వస్తాయి. ఇవి చవక, తుప్పును తట్టుకునే శక్తి కూడా తక్కువే. చిక్కేమిటంటే ఇవీ అయస్కాంతానికి అంటుకోవు! అంటే 304 ధర తీసుకుని 202 షీటు అంటగడితే అయస్కాంతం పట్టించలేదు. మరోపక్క నికెల్ లేని 430 రకం అసలైన స్టెయిన్‌లెస్ స్టీలే అయినా అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. మేలిరకం 304 షీటు కూడా వంచినచోట కాస్త అంటుకోవచ్చు.

మరి తేల్చుకోవడం ఎలా? షీటు తయారైన మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం అడగాలి. బిల్లు మీద రకం నంబరు రాయించాలి. షీటు మీద రసాయనం చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలించే కిట్లు బజార్లో దొరుకుతున్నాయి. మాంగనీస్ ఎక్కువున్న రకమైతే చుక్క ఎర్రబడుతుంది.

ఉప్పు దగ్గర జాగ్రత్త

పొడి కారానికి 304 సరిపోతుంది. ఆవకాయ, గోంగూర సంగతి వేరు. ఉప్పులోని క్లోరైడు, పులుపు కలిసి స్టీలు పొర మీద దాడి చేస్తాయి. పైకి మెరుస్తున్నట్టే ఉంటుంది, దగ్గరగా చూస్తే సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. చినగంజాం లాంటి ఉప్పుసాగు ఊళ్లలో గాలే ఇంత పని చేయగలదు. అక్కడ 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం వాడాలి. ధర ఎక్కువే కాబట్టి మిషనంతా దానితో చేయించనక్కర్లేదు. పచ్చడి నిలవుండే తొట్టి, వాల్వు, గొట్టం వరకూ చాలు.

అంటుకుంటేనే మేలు

హామర్లు మాత్రం 304వి అయితే త్వరగా అరుగుతాయి. దాన్ని కాల్చి చల్లార్చినా గట్టిపడదు. గట్టిదనం కావాలంటే 420 లాంటి రకాన్ని కాల్చి పదును పెట్టించాలి. ఇంకో సంగతి ఉంది. ఇనుప రజను కోసం మిల్లుల్లో పొడి బయటికొచ్చే చోట అయస్కాంతాలు పెడతారు. 304 జల్లెడ తీగ తెగి కారంలో పడిందనుకోండి... అయస్కాంతానికి చిక్కకుండా ప్యాకెట్లోకి వెళ్లిపోవచ్చు. అందుకే విరిగే, తెగే అవకాశమున్న భాగాలకు అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ రకాలే మంచివి. లేదంటే మెటల్ డిటెక్టర్ ఉండాలి. కొనేటప్పుడు అంటుకోకూడదని చూసే అయస్కాంతానికే, మిల్లు నడిచేటప్పుడు అంటుకోవాలన్నమాట!

అతుకుల్లో అసలు పనితనం

మంచి షీటు తెచ్చినా వెల్డింగ్ సరిగా లేకపోతే ఫలితం ఉండదు. 450 నుంచి 850 డిగ్రీల వేడి దగ్గర ఎక్కువసేపు ఉంటే అతుకు పక్కనున్న క్రోమియం కార్బన్‌తో కలిసిపోతుంది. పొర కట్టడానికి క్రోమియం చాలక తుప్పు అక్కడే మొదలవుతుంది. మందపాటి పలకలకైతే కార్బన్ బాగా తక్కువుండే 304ఎల్ అడగాలి. అతుకు చుట్టూ వచ్చే నీలి, నల్ల మచ్చలను పూర్తిగా తీయించాలి. మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ చక్రాన్ని స్టెయిన్‌లెస్ మీద వాడనివ్వకూడదు. దానికంటిన ఇనుప రజను షీటులో దిగి మర్నాటికే తుప్పు మచ్చలవుతుంది. తొట్టి లోపలి మూలలు గుండ్రంగా, నున్నగా ఉండాలి. పగుళ్లలో కారం ఇరుక్కుని తేమ పట్టిందంటే బూజు వచ్చేస్తుంది.

వేడి సంగతీ చూసుకోవాలి. 304 మామూలు ఉక్కుతో పోలిస్తే మూడో వంతు వేడినే బయటికి పంపుతుంది. ఆడించేటప్పుడు పుట్టిన వేడి లోపలే ఉండిపోతే కారం రంగు, వాసన తగ్గుతాయి. అందుకే పల్వరైజర్ గోడ చుట్టూ చల్లటి నీళ్లు తిరిగే ఏర్పాటు మేలు.

2020లో మొదలైన చిన్న ఆహార పరిశ్రమల పథకం మిషన్లకు 35 శాతం రాయితీ ప్రకటించింది. మిగతాది అప్పైనా, చేతి సొమ్మైనా పెట్టేవాళ్లదే. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే తొట్టికి ఏ రకం, జల్లెడకు ఏ రకం, హామర్లకు ఏ రకం అని విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి. వట్టి ‘స్టీలు మిషను’ అని ఆర్డరిస్తే, చేసేవాడికి ఏది చవకైతే అదే వస్తుంది!