విక్రమార్కుడి భుజం మీద పికచూ

చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళకి ఈ వరస కంఠోపాఠం. చెట్టు మీంచి శవాన్ని దించడం, భుజాన వేసుకోవడం, దారిలో కథ, చివర్లో చిక్కుప్రశ్న, రాజు జవాబు, మౌనం చెదిరి శవం మళ్ళీ చెట్టెక్కడం. నెలనెలా ఇదే. సంస్కృత మూలంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక కూడా చందమామ కొత్తవి రాయించుకుంటూ దశాబ్దాల పాటు ఆ శీర్షికని నడిపింది. ఎలా మొదలవుతుందో, ఎలా ముగుస్తుందో ముందే తెలిసిన కథ కోసం మనం ప్రతి నెలా ఎదురుచూశాం.

మనం మాత్రం ‘మూస’ అనే మాటని తిట్టుగానే వాడతాం. మూస సినిమా, మూస కథ, మూస కవిత్వం. నాకేమో మూసలో తప్పేమీ లేదనిపిస్తుంది. అందులో దేన్ని కదపాలో, దేన్ని ముట్టుకోకూడదో తెలియకపోవడంలోనే తప్పంతా ఉంది. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ పోకెమాన్ ఆటలు. సాహిత్యం బ్లాగులో వీడియోగేముల గోల ఏమిటని విసుక్కోకండి, కథ చెప్పేవాళ్ళందరికీ ఉన్న సమస్యే ఇది.

ఆ ఆటలు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మొదటి జంట, రెడ్, గ్రీన్, 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్‌బాయ్ మీద వచ్చాయి. (అదే నెల 10న మా క్రాంజీ ఎమ్మార్టీ స్టేషన్ మొదలైంది. కాబట్టి మా ఊరి రైలుకీ ఆ ఆటకీ ఒకే ఈడు.) ఊళ్ళోంచి బయలుదేరిన ఒక పిల్లవాడు గడ్డి, నిప్పు, నీరు రకాల జీవుల్లోంచి ఒకదాన్ని తోడుగా ఎంచుకుంటాడు. దారిలో మరికొన్నిటిని పట్టి, పెంచి, ఎనిమిది జిమ్‌ల నాయకుల్ని ఓడించి, చివరికి ఛాంపియన్ అవుతాడు. జీవులన్నీ ఒకే ఆటలో దొరకవు. స్నేహితుడి గేమ్‌బాయ్‌కి కేబుల్ కలిపి మార్చుకోవాల్సిందే.

దీన్ని కల్పించిన సతోషి తజిరి టోక్యో శివారులోని మాచిదాలో పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. ఊరు పెరిగి, ఆ పొలాలూ చెరువులూ కట్టడాల కింద పోయాయి. తనకి దక్కిన సరదా తరవాతి పిల్లలకి ఆటలోనైనా దక్కాలన్నది అతని ఆలోచన. క్రాంజీలో ఉండేవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. ఇక్కడి గుర్రప్పందేల మైదానంలో 2024 అక్టోబరు 5న చివరి పందెం జరిగింది. ఆ జాగాలో ఇక ఇళ్ళు రాబోతున్నాయి.

మన వైపు నా ఈడు పిల్లల్లో గేమ్‌బాయ్ ఉన్నవాళ్ళు ఎంతమంది? మనకి పోకెమాన్ అంటే కార్టూన్ నెట్‌వర్క్, చిప్స్ ప్యాకెట్లలో దొరికే టాజోలు. రెండు పికచూలు ఉంటే ఒకటిచ్చి లేనిది తెచ్చుకోవడం. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ వేసుకుని ఆడటం ఆ తరవాతి సంగతి. ఆట చేతికి రాకముందే దాని పునాది మనకి పట్టుబడింది: వెతకడం, పెంచుకోవడం, మార్చుకోవడం. మిగతావన్నీ ఆ పునాది మీద లేచిన గోడలు.

ఈ ముప్ఫయ్యేళ్ళలో ఆ గోడల్ని కొత్తగా చూపించడానికి రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది పైన ఇంకో అంతస్తు వెయ్యడం. 2013లో మెగా ఎవల్యూషన్ అన్నారు. 2016లో జెడ్-మూవ్‌లు, 2019లో జీవుల్ని మేడంత పెంచే డైనామాక్స్, 2022లో వజ్రాల కిరీటం పెట్టినట్టుండే టెరాస్టల్. ఒక్కొక్కటీ ట్రైలర్‌లో మెరిసింది, తరవాత వచ్చిన ఆటల్లో ఎక్కడో ఒకచోట మాయమైంది. 2025 అక్టోబరులో వచ్చిన లెజెండ్స్: జెడ్-ఏ మళ్ళీ మెగా ఎవల్యూషన్‌నే అటక మీంచి దించింది. మన సినిమాల్లో ఐటం సాంగు లాంటి ఏర్పాటిది. ఉన్నంతసేపూ హుషారు, తీసేస్తే కథకి లోటు తెలియదు.

రెండో దారి, అక్కర్లేని రాయిని లాగెయ్యడం. మొదటి ఆటలో దారికి అడ్డంగా చిన్న చెట్టుంటే దాన్ని నరకడానికి ‘కట్’ అనే విద్య మన జట్టులో ఒకరికి నేర్పాలి. ఒక్కో జీవికి నాలుగే విద్యలు పడతాయి, ఇది ఒకసారి నేర్పితే మామూలుగా వదలదు. దాంతో అందరి జట్టులోనూ చెట్లు కొట్టడానికీ, రాళ్ళు తొయ్యడానికీ ఒక కూలీ పోకెమాన్ ఉండేది. ఇరవయ్యేళ్ళు ఈ తద్దినం నడిచింది. 2016లో సన్, మూన్ ఆటలు దాన్ని తీసేశాయి. హవాయిని తలపించే అలోలా దీవుల్లో ఎనిమిది జిమ్‌ల వరస కూడా లేదు, దీవికో రకం పరీక్షలున్నాయి. పునాది చెక్కుచెదరలేదు. ఆడేవాడికి ఊపిరి మాత్రం ఆడింది.

ఈ దారిలో అన్నిటికంటే దూరం వెళ్ళింది 2022 జనవరిలో వచ్చిన లెజెండ్స్: ఆర్సియస్. పాత ఆటల్లో జీవి ఎదురుపడగానే తెర మారి యుద్ధం మొదలయ్యేది. ఇందులో గడ్డిలో నక్కి, దాని వెనక్కి చేరి, గురి చూసి బంతి విసరాలి. శబ్దమైతే పారిపోతుంది, లేదా తిరగబడి మన మీదకే వస్తుంది. జిమ్‌లు లేవు. ఒక జీవి గురించి పుస్తకం నింపాలంటే దాన్ని మళ్ళీ మళ్ళీ గమనించాలి. క్రాంజీ పక్కనే ఉన్న సుంగై బూలో చిత్తడి నేలల్లో ఉడుముల్నీ, బురదలో గెంతే చేపల్నీ చూసినవాళ్ళకి ఈ ఓపిక తెలుసు. అక్కడ దేన్నీ పట్టుకోకూడదు, చూడాలంతే. ఆర్సియస్ కొత్తగా అనిపించడానికి కారణం అది మాచిదాలోని ఆ పురుగుల పిల్లవాడి దగ్గరికి తిరిగి వెళ్ళడమే అని నా నమ్మకం.

అదే ఏడాది నవంబరులో, అంటే పది నెలలకే, స్కార్లెట్, వయొలెట్ వచ్చాయి. జిమ్‌లకి ఏ వరసలోనైనా వెళ్ళచ్చన్నారు. కానీ నాయకుల బలం మన వరసని బట్టి మారదు. ముందు అటు వెళ్తే చితక్కొడతారు, ఆలస్యంగా ఇటొస్తే పసిపిల్లల్లా ఓడిపోతారు. తలుపులన్నీ తెరిచి, లోపల నేల మీద మళ్ళీ బాణం గుర్తులు గీసినట్టుంది. పైగా ఆట నత్తనడక, మనుషులు నేలలోకి దిగబడిపోవడం. అయినా మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, గడువు కోసం పచ్చిగా వదిలిన సరుకు బాగా అమ్ముడుపోతే ఆ తరవాత గడువు పెంచమని అడిగే నోరు ఎవరికీ ఉండదు. మూసకంటే ఈ తొందరే ఆటకి ఎక్కువ చేటు.

ఇక అసలు తగువు 2019 నాటిది. సోర్డ్, షీల్డ్ ఆటల్లోకి పాత జీవులన్నిటినీ రానివ్వమని ముందే ప్రకటించారు. విడుదలనాటికి సగానికి పైగా బయటే ఉండిపోయాయి. అభిమానులు భగ్గుమన్నారు. నేను తయారుచేసేవాళ్ళ కష్టాన్ని కొట్టిపారెయ్యను. ఇప్పుడు ఆ జీవుల సంఖ్య వెయ్యి దాటింది. ప్రతిదానికీ బొమ్మ గియ్యాలి, కదలిక ఇవ్వాలి, ప్రతి విద్యా మిగతావాటితో కలిసి ఎలా పనిచేస్తుందో పరీక్షించాలి. పాత కోడ్‌ని మోసేవాళ్ళకి ఆ బరువు తెలుసు. 2010లో బ్లాక్, వైట్ ఆటలు కథ ముగిసేదాకా కొత్త జీవుల్నే చూపించాయి. అది మంచి పనే. పాతవి కథ ముగిశాక వచ్చి చేరాయి.

తేడా అక్కడే ఉంది. 2002 నాటి రూబీలో పట్టిన జీవిని యంత్రం నుంచి యంత్రానికి దాటించుకుంటూ ఇవాళ్టి దాకా తెచ్చుకునే వీలుంది. అలా తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అది వాళ్ళకి బొమ్మ కాదు, చిన్నప్పటి నుంచి తోడొచ్చిన ప్రాణి. కొత్త ఆటలో దానికి చోటు లేకపోతే పోకెమాన్ హోమ్ అనే గోదాములో పెట్టుకోమంటారు. అందులో ఉచితంగా పట్టేవి ముప్ఫయ్యే. అంతకు మించితే చందా కట్టాలి. పెంచుకోవడం అనే పునాదిరాయికి అద్దె వసూలు చెయ్యడం ఇది.

కాబట్టి రాబోయే ఆటల నుంచి నేను కోరేది కొంచెమే. జిమ్‌లు ఉంచినా తీసేసినా సరే. యుద్ధం పద్ధతి మార్చండి, ఊరు మార్చండి, ఆ కిరీటాలన్నీ పారెయ్యండి. ప్రతి ఆటలోనూ అందరికీ చోటివ్వలేకపోతే అదీ ఒప్పుకుంటాను. కానీ మేం పెంచుకున్నదాన్ని చూసుకోవడానికి కిరాయి అడగకండి. బేతాళ కథల్లో రాజ్యాలు మారాయి, ప్రశ్నలు మారాయి, రాజు చెప్పే జవాబులు మారాయి. ఆ భుజం మీది బరువుని మాత్రం చందమామ ఎన్నడూ దించలేదు. దించి ఉంటే అన్నేళ్ళు చదివేవాళ్ళం కాదు.