చిత్రీకరణ స్థలములలో తుపాకులు

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున 2021 అక్టోబరు 21వ తేదీని 'రస్ట్' అను చలనచిత్రపు చిత్రీకరణ స్థలమందు ఛాయాగ్రహణ దర్శకురాలు హలీనా హచిన్స్ తుపాకి దెబ్బకు మరణించిన యుదంతమును పాఠకులు మఱచియుండరు. ఆమె వయస్సు 42 సంవత్సరములు. చర్చి లోపలి దృశ్యమునకు పూర్వాభ్యాసము జరుగుచుండ, నటుడును నిర్మాతలలో నొకడును అగు అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వరు ప్రేలెను. గుండు ఆమె శరీరమును దూసికొనిపోయి దర్శకుడు జోయెల్ సౌజా భుజమున నాటుకొనెను. దీనిని దైవఘటన యని సరిపెట్టుకొన్నవారు లేకపోలేదు. మేమట్లు తలంపజాలము.

సినిమాలలో కనబడు తుపాకులన్నియు బొమ్మలేయని సామాన్య ప్రేక్షకుల నమ్మకము. పెక్కుచోట్ల వాడునవి నిజమైన తుపాకులే. మాఱునది తూటా మాత్రమే. ఉత్తతూటాలో మందుండును, గుండుండదు. మంటయు మ్రోతయు వచ్చును. బొమ్మతూటాలో గుండుండును, మందుండదు. కెమెరాకు దగ్గఱగా చూపునపుడు తుపాకి నిండుగా కనబడుటకు దీనిని వాడుదురు. గుర్తుపట్టుటకై బొమ్మతూటా ప్రక్కను రంధ్రము చేయుటయో, లోపల చిన్న లోహపు గుళిక నుంచుటయో వాడుక. చెవియొద్ద నాడించి చూచిన గలగలమనవలయును. ఒక్కొక్క తూటాను తీసి యిట్లు వినుటకు ఓపిక గల మనుష్యుడును, తగిన వ్యవధియు నుండిననే ఈ యేర్పాటు ప్రాణరక్షణ మగును.

ఉత్తతూటాయైనను నిరపాయకరమైనది కాదు. 1984లో నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ వేడుకకు దానిని కణతకానించి ప్రేల్చుకొనగా, ఆ విసురునకే కపాలపుటెముక విఱిగి కొలది దినములకు మృతినొందెను. 1993 మార్చి 31వ తేదీని బ్రూస్ లీ కుమారుడు బ్రాండన్ లీ 'ది క్రో' చిత్రీకరణమున మరణించిన తీరు ఇంకను విచారకరము. అంతకుముందు వాడిన బొమ్మతూటా కొన యూడి గొట్టములో చిక్కుకొనియున్నది. ఎవరును లోపలకు తొంగిచూడలేదు. పిమ్మట అదే తుపాకిలో ఉత్తతూటా నుంచి ప్రేల్చిరి. ఆ మందు ఈ కొనను నిజమైన గుండువలెనే తఱిమెను. ఆ యువకునికి అప్పటికి 28 ఏండ్లు.

'రస్ట్' స్థలమున జరిగినది ఇంతకంటె సులభముగా తప్పింపదగినది. చిత్రీకరణ స్థలమునకు నిజమైన తూటాలను తేరాదని హాలీవుడ్ పరిశ్రమవారు తామే వ్రాసికొన్న భద్రతా నియమములలో నున్నది. అయినను ప్రాణము తీసినదానితో కలిపి ఆఱు నిజమైన తూటాలు అచట దొరకినవి. కొలది దినములకు ముందే రెండుమాఱులు తుపాకులు అనుకోకుండ ప్రేలినవి. పని గంటలు, బస దూరము, భద్రతాలోపములనుగూర్చి మొఱపెట్టుకొని ఫలములేక కెమెరా సిబ్బందిలో పలువురు ఆ యుదయముననే పని విడిచిపోయిరి. ఆయుధములను కాపాడవలసిన యువతికి వస్తుసామగ్రి పనియు నప్పగించిరి. తూటాలన్నింటిని పరీక్షింపలేదని సహాయదర్శకుడే యొప్పుకొనెను. ఇన్ని హెచ్చరికలు కలిగిన పిదపను పని నిలుపకుండుట యెవరి నిర్ణయము?

న్యాయస్థానములు ఈ ప్రశ్నకు పూర్తిగా సమాధానమీయలేదు. సహాయదర్శకుడు అభియోగమును ప్రతిఘటింపక ఆఱు మాసముల ప్రొబేషన్‌తో బయటపడెను. ఆయుధపాలకురాలికి 2024 ఏప్రిలులో పదునెనిమిది మాసముల కారాగారశిక్ష విధింపబడెను. బాల్డ్విన్‌పై కేసును, తూటాలకు సంబంధించిన సాక్ష్యమును ప్రాసిక్యూషన్‌వారు దాచిరను కారణమున, 2024 జూలైలో న్యాయమూర్తి కొట్టివేసిరి. అతని దోషాదోషములు జూరీ తీర్పునకు రానేలేదు. నిర్మాణసంస్థపై రాష్ట్ర కార్మికభద్రతా శాఖ విధించిన 1,36,793 డాలర్ల జుల్మానా తుదకు లక్ష డాలర్లకు దిగెను. తప్పుచేసిన యుద్యోగిని శిక్షింపవలదని మేమనము. కాని ఒక మనిషికి రెండు పనులు కట్టబెట్టి, తొందరపెట్టి, కర్చు తగ్గించుకొన్నవారు జుల్మానాతో తప్పుకొనుట మాకు న్యాయముగా తోచదు.

నిజమైన తుపాకి లేనిదే దృశ్యము రక్తికట్టదని కొందఱు దర్శకులందురు. తుపాకి మంటను కంప్యూటరుతో చిత్రించుట నేడు చిన్నపని. చేతికి తగులు కుదుపును గాలితుపాకి యీయగలదు. 'ది రూకీ' అను టెలివిజన్ ధారావాహికవారు 2021లోనే ఈ మార్గమును పట్టిరి. అంతయేల? 'రస్ట్' నిర్మాతలే, పనిచేయు ఆయుధములుగాని తూటాలుగాని వాడబోమని ప్రకటించి, 2023లో మోంటానా రాష్ట్రమున చిత్రమును ముగించుకొనిరి. 2025 మే నెలలో అది విడుదలయ్యెను. ఆమె మరణానంతరము సాధ్యమైనది అంతకుముందు అసాధ్యమెట్లయ్యెనో వారే చెప్పవలయును.

ఆయుధపాలకులకు వేఱు పని యప్పగింపరాదు. అనుమానము కలిగిన క్షణమున చిత్రీకరణమును నిలుపు నధికారము వారికుండవలయును. ఆ యధికారమును వాడినందుకు వారి జీతము పోరాదు. చిత్రములను రప్పించుకొనుటకై పన్ను రాయితీలిచ్చు న్యూమెక్సికోవంటి రాష్ట్రములు ఆ రాయితీకే ఇట్టి షరతులను జతపఱచిన, నిర్మాతలు వినక తప్పదు. కాలిఫోర్నియా 2023లో భద్రతా నిబంధనలను పన్ను రాయితీతో ముడిపెట్టి ఈ దారినే త్రొక్కినది.