వేషమునకు వెఱచుట యేల?

అమెరికా హాస్యనటుఁడు డాన్ నొవెల్లో 1970 దశకమునుండి ఫాదర్ గిడో సార్డూచి యను రోమను కాథలిక్కు మతాచార్యుని వేషముతో ప్రజలను నవ్వించుచు వచ్చెను. 1981లో ఆ వేషముతోనే యతఁడు వాటికనునకుఁ బోఁగా, ఆచార్యునివలె నటించెనని స్విస్ భటులు నిర్బంధించిరి. పిమ్మట అభియోగమును విడిచిపెట్టిరి. పీఠము దృఢముగా నున్నచోట పరిహాసమునకు ఇంత వెఱపేల యని యడుగవలసియున్నది.

ఈ ప్రశ్న మనకును వర్తించును. 7వ శతాబ్దిలో పల్లవరాజగు మహేంద్రవర్మ ‘మత్తవిలాస’ ప్రహసనమున కాపాలికుని, బౌద్ధభిక్షువును నవ్వులపాలు చేసెను. మన యూళ్ల పగటివేషములలో సోమయాజులు, సోమిదేవమ్మల వేషము ప్రసిద్ధము. కూచిపూడి భాగవతులు తాము బ్రాహ్మణులయ్యును ఇట్టి వేషములు కట్టిరి. మంత్ర మెఱిఁగినవాఁడే మంత్రాడంబరమును ఎత్తిచూపెను. పట్టపగలు, గృహస్థుని వాకిట, మొగమెదుట నిలిచి పరిహసించెను. కడపటి దినమున ఆ గృహస్థునిచేతనే సంభావన నందెను. నవ్వించినవానికిని నవ్వఁబడినవానికిని నడుమ అట్టి మర్యాద యుండెడిది.

ఆ మర్యాద నేఁడు సడలినది. 2012లో ‘దేనికైనా రెడీ’ చలనచిత్రము తమ్ము నవమానించినదని బ్రాహ్మణసంఘములు ఆందోళన చేసినవి. 2022 జనవరిలో, సుబ్బిశెట్టి పాత్రపై ఆర్యవైశ్యుల యభ్యంతరము కారణముగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కాళ్లకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ నాటక ప్రదర్శనమును నిషేధించెను. నొచ్చినవారి మాట వట్టిది కాదు. హారతిపళ్లెములోని చిల్లరతో కుటుంబమును పోషించుకొను పేద యర్చకుని పిలకను, ఉచ్చారణను వెక్కిరించుట హాస్యము గాదు, బలహీనునిపై దౌర్జన్యము. అయినను దానికి మందు విమర్శయే గాని నిషేధము గాదు. ఒక పాత్రను నిషేధించిన చేయి, రేపు కపటగురువును బయటపెట్టు పాత్రనుగూడ నిషేధింపఁగలదు.

మన సీమకు ఈ వివేకము నేర్పవలసిన పనిలేదు. బనగానపల్లెలో గోవులఁ గాచెనని ప్రజలు చెప్పుకొను వీరబ్రహ్మముగారు, పద్యముతో దొంగగురువులను చీల్చిచెండాడిన వేమన మన యింటివారే. వారు ధర్మమును నిందింపలేదు, ధర్మము పేరిటి మోసమును నిందించిరి. బేతంచెర్లలో నాపబండకు నునుపు పెట్టువానిఁ జూడుఁడు. వాఁడు ఱాతిని పగులఁగొట్టఁడు, గరుకును మాత్రమే తీయును. నిజమైన ఱాయి అరగదీసినకొలఁది మెఱయును. పెళుసుఱాయి పగులును, ఆ నేరము పట్టినవానిది గాదు.

కావున పఠనమందిరములందుఁ గూడు సోదరులారా, వేషగాఁడు మన వీథికి వచ్చిననాఁడు తలుపులు మూయకుఁడు. అతఁడు ఆచారమును వెక్కిరించుచున్నాఁడా, ఆచారము చాటున దాఁగిన లోభమును వెక్కిరించుచున్నాఁడా యని విచారింపుఁడు. మొదటిదైన మందలింపుఁడు, రెండవదైన సంభావన యిండు. నిష్ఠగల గురువు ఆ నవ్వులో తానును పాలుగొనును.