న్యాయపట్టాలో కోర్టు ఎక్కడ?

జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పోటీపడేవారు కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది. 2002లో తాను తీసేసిన నిబంధనే అది. లా పాసై నేరుగా బెంచి ఎక్కినవారితో అనుభవం బాగాలేదని అనేక హైకోర్టులు చెప్పడమే కారణం. నిర్ణయం సబబే. కానీ దాని భారమంతా పట్టా పుచ్చుకున్న యువతీయువకుల మీదే పడింది. అయిదేళ్లు చదివించి, కోర్టు పని తెలియకుండానే పట్టా చేతికిచ్చిన కాలేజీకి మాత్రం ఏ జవాబుదారీ లేదు.

నిజానికి నిబంధనలకు లోటు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఒక ప్రాక్టికల్ పేపరులోని 100 మార్కుల్లో మూట్ కోర్టుకు, అంటే నమూనా వాదనకు 30, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాసినందుకు 30 ఉన్నాయి. అయినా చాలా కాలేజీల్లో ఇది పాత రికార్డు చూసి ఎత్తి రాసే తంతుగా మారింది. దీనివల్ల పోతున్నదేమిటో క్రిమినల్ విచారణ చూస్తే తెలుస్తుంది. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేని కీలకమైన మాట సాక్షి కోర్టులో చెబితే, ఆ తేడాను అతని ముందుపెట్టి అడగాలి, రికార్డుకెక్కించాలి, తర్వాత దర్యాప్తు అధికారి నోట నిరూపించాలి. ఇందులో ఒక్క మెట్టు తప్పినా ఆ తేడా ముద్దాయికి అక్కరకు రాదు. మూట్ కోర్టులో వాదన ఉంటుంది గానీ బోనులో సాక్షి ఉండడు.

ఇవన్నీ సీనియర్ దగ్గర నేర్చుకునేవే కదా అంటారు కొందరు. మంచి సీనియర్ దొరికినవారికి అది నిజమే. వకీళ్ల కుటుంబంలో పుట్టనివారు, ఏళ్ల తరబడి రాబడి లేకుండా పట్నంలో నెట్టుకురాలేనివారు ఏం చేయాలి? ఆంధ్రప్రదేశ్ 2019లో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల సాయం మొదలుపెట్టిందంటే ఆ ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. పట్టా తర్వాత రాసే బార్ పరీక్ష వడపోస్తుంది కదా అనేది ఇంకో మాట. ఆ పరీక్ష చెల్లుతుందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, మంచిదే. అయితే 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో చట్టం తెలుసో లేదో చూడగలం, క్రాస్ ఎగ్జామినేషన్ వచ్చో రాదో చూడలేం.

బలమైన అభ్యంతరం అధ్యాపకుల గురించి. జీతానికి పూర్తికాలం పాఠం చెప్పేవారు ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. కోర్టుకు వెళ్లనివారు కోర్టు పని ఎలా నేర్పుతారు? దీనికి దారి ఎప్పుడో వేశారు. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది రోజుకు మూడు గంటల దాకా లా పాఠాలు చెప్పుకోవచ్చని 1979 నాటి నిబంధనలే అనుమతిస్తున్నాయి. స్థానిక బార్‌లోని అనుభవజ్ఞులకు ప్రాక్టికల్ పేపర్లు అప్పగించి తగిన పారితోషికం ఇవ్వాలి. కోర్టుకు వెళ్తే హాజరు పోతుందన్న భయమూ అక్కర్లేదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కోరే నిబంధనే ప్రాక్టికల్ శిక్షణను కూడా అందులో కలిపి లెక్కించమంటోంది. వారంలో ఒక పూట తరగతులు ఆపి విద్యార్థులను విచారణకు తీసుకెళ్లడానికి ఏ కాలేజీకైనా ఇంతకు మించిన అనుమతి అవసరం లేదు.